లండను గాజుపెట్టెలో నల్లపోగు

నేను ఇంగ్లండు సీమ నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఆదోనిలో ఎవరు కనిపించినా రెండే ప్రశ్నలు అడిగేవారు. ఒకటి, రాజును చూశావా? రెండు, అక్కడ మజ్జిగ దొరుకుతుందా? రెండింటికీ జవాబు లేదనే. అడిగినవాళ్లు నా వంక జాలిగా చూసి, అంత దూరం ఓడలో పోయి ఈ మనిషి సాధించిందేమిటన్నట్టు తల ఆడించి వెళ్లిపోయేవారు. లండనులో నేను ముఖ్యంగా చూసింది ఒక చీర అని చెబితే ఆ జాలి ఇంకా పెరిగేది. చీర చూడటానికైతే ఎమ్మిగనూరు పోయినా సరిపోయేది గదా. బస్సు కూడా ఉంది.

నిజానికి సంగతి మొదలైంది ఎమ్మిగనూరులోనే.

మాది పత్తి వ్యాపారం. మా నాయన కొన్న పత్తి జిన్నింగు మిల్లులో గింజ వదిలించుకుని, ప్రెస్సులో బేళ్లయి, రైల్లో బొంబాయి పోయి, ఓడెక్కి, బట్టయి తిరిగొచ్చేది. పత్తి అంతటిది ఆ దారిన పోయి బట్టవుతున్నప్పుడు కొడుకును కూడా పంపిస్తే ఏదో ఒకటి అయి రాకపోతాడా అని ఆయన ఆలోచన. లాంకషైరులో ఒక నూలు మిల్లుల ఊరు, అందులో నేత విద్య నేర్పే కాలేజీ, రెండేళ్ల చదువు. ప్రయాణానికి వారం ముందు, అమ్మ పుట్టిల్లు కాబట్టి, చెప్పి రావడానికి ఎమ్మిగనూరు పోయాను.

అక్కడ మా మేనమామ నేతగాళ్లకు నూలు ఇచ్చి చీరలు తీసుకునేవాడు. ఆయనకు నేసేవాళ్లలో ఒక తాత ఉండేవాడు. అంచు నేయడంలో ఆయన తరువాతనే ఎవరైనా అని వీధంతా ఒప్పుకునేది. ఒప్పుకోనిది ఆయన భార్య ఒక్కతే. ఆమె నోటితో ఏమీ అనేది కాదు. ఆయన మగ్గం మీద నేసిన చీర మాత్రం కట్టేది కాదు. అంగట్లో కొన్నవి, పక్కింటి మగ్గంవి కట్టుకుని, బిందె చంకన పెట్టుకుని, ఆయన మగ్గం ముందు నుంచే నీళ్లకు పోయేది. ఇరవై ఏళ్లుగా. వంటవాడి పెళ్లాం మూడు పూటలా హోటలుకు పోయి తింటే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ వీధిలో ఆ తాత బతుకు.

ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే నన్ను పిలిచాడు.

"కూకో అప్పా. సీమకు పోతాండావంట గదా?"

"పోతాండా తాతా."

"ఆడ లండనని ఒక ఊరు ఉండాదంట."

"ఉండాదంట."

"ఆ ఊర్లో నా సీర ఉండాది."

"నా సీర," అంది అవ్వ. వాకిట్లో కూర్చుని నాడెకు నూలు కండెలు చుడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఈమె సీర," అని తాత దిద్దుకున్నాడు.

జరిగింది ఇది. ఇరవై ఏళ్ల కిందట ఆయన భార్య కోసమని ఒక చీర నేశాడు. మామిడాకు పచ్చ ఒళ్లు, కుంకం రంగు అంచు. కూలి చీరల మధ్య సందు చేసుకుని, దాదాపు ఏడాది. మగ్గం మీంచి దించిన మూడోనాడు, జిల్లా చూడవచ్చిన దొర ఒకడు ఆ వీధికి వచ్చాడు. చీర చూశాడు. కావాలన్నాడు. తాత ఇవ్వనన్నాడు. అప్పుడు దొర పక్కన ఉన్న గుమాస్తా, ఈ చీరను మా రాజధానిలో గాజుపెట్టెలో పెట్టి లోకమంతటికీ చూపిస్తామంటున్నాడు దొర, అని చెప్పాడు. తాత ఇచ్చేశాడు. అవ్వ అప్పుడు బావి దగ్గర ఉంది.

"గాజుపెట్టె ల్యా, గీజుపెట్టె ల్యా," అంది అవ్వ. "ఆ దొర నా సీరతో గుర్రాన్ని తుడ్సింటాడు."

"గుర్రాన్ని ఎవురన్నా అంత మంచి సీరతో తుడుస్తారా?"

"పెండ్లాం సీరను ఎవురన్నా దారినపోయే దొరకు ఇస్తారా?"

తాత దీనికి జవాబు వెతకడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయినట్టుంది. నాడె ఒకసారి అటు, ఒకసారి ఇటు విసిరి, నా వైపు తిరిగాడు.

"ఈమె ఒట్టు పెట్టుకోనుండాది అప్పా. ఆ సీరను కండ్లతో సూసినోళ్లు వచ్చి, ఈడ నిలబడి, సూసినామని సెప్తే గాని నా మగ్గం సీర కట్టదంట. ఈ ఎమ్మిగనూరు నుంచి లండనుకు ఎవురు పోతారు, ఎవురొచ్చి సెప్తారు? కట్టకుండానే పోతాదిలే అనుకుంటి. ఇప్పుడు నువ్వు పోతాండావు."

దాన్ని ఎలా గుర్తుపట్టాలని అడిగాను. పచ్చ చీరకు ఎర్ర అంచు అంటే మా వైపు సగం మంది ఆడవాళ్లు అదే కడతారు. తాత మగ్గం మీదున్న చీర కొంగు దగ్గర వేలు పెట్టి చూపించాడు. జానెడు లోపల ఒకే ఒక నల్లపోగు. ఒక అంచు నుంచి బయలుదేరి అడ్డంగా పోయి, రెండో అంచుకు మూడు వేళ్ల దూరంలో ఆగి, వెనక్కి తిరిగింది.

"దిష్టిపోగు. మా ఇంట్లో మాత్రమే ఇట్లా తిప్పుతారు. మా నాయన తిప్పె, ఆయప్ప నాయన తిప్పె."

"నేత తప్పినట్టు కనపడతాది గదా తాతా?"

"కనపడల్ల! సూసినోళ్ల కన్ను ముందు ఆడికే పోవల్ల. పోగు పట్టుకోని పోతాపోతా, మూడు వేళ్ల కాడ దారి ల్యాక ఎనక్కి తిరగల్ల. వచ్చిన దిష్టి వచ్చినట్టే పోతాది."

నేను నవ్వాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నాకు తెలియనిదల్లా నవ్వులాటగానే ఉండేది.

ఇంటికొచ్చేసరికి దర్జీ నా ఉన్ని కోటు తెచ్చి ఉన్నాడు. ఎండాకాలంలో ఆదోనిలో ఆ కోటు తొడిగి చూసుకోవడమే సీమ ప్రయాణంలో కష్టమైన భాగం. మా అమ్మ కొత్త జేబురుమాలకు కూడా పసుపు పెట్టందే మడత విప్పనివ్వదు. కోటు కాలరు లోపల వేలితో ఇంత పసుపు పెట్టి, "ఇంక ఏసుకో," అంది.

ఓడ సంగతి రాయను. ఓడ గురించి రాసేవాళ్లంతా సముద్రం చూసినట్టు రాస్తారు. నేను ఎక్కువగా బకెట్టు చూశాను.

లాంకషైరులో నేను దిగిన ఇంటి దొరసాని మంచిది, శుభ్రం ఎక్కువ. మొదటి వారంలోనే నా కోటు కాలరులో మరక కనిపెట్టి, సబ్బు పెట్టి రుద్దింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఆమెకెలా తెలుస్తుంది? అరగంట తరువాత కోటు ఎత్తి పట్టుకుని నా గదికి వచ్చింది. ముఖం తెల్లబోయింది. ముందే తెల్లగా ఉన్న ముఖం కాబట్టి గట్టిగా చెప్పలేను. ఏమీ కాలేదు, మా దేశంలో కోట్లు ఇలాగే ఉంటాయన్నాను. ఆ తరువాత కూడా ఆమె పట్టు వదల్లేదు. నెలకోసారి ఆ మరకతో పోరాడేది.

కాలేజీలో నాకు అన్నిటికంటే బాగా వచ్చిన పాఠం, బట్టలో తప్పులు పట్టడం. పోగు తెగడం, పోగు దాటడం, అంచు ముడుచుకోవడం, మరక పడటం. ప్రతి తప్పుకూ ఒక పేరు, ఒక సంఖ్య. బట్ట థాను బల్ల మీద పరిచి, వెలుతురుకు పెట్టి, తప్పు కనపడ్డ చోటల్లా సుద్దతో గీత గీయాలి. అంతవరకు నా తప్పులు పట్టినవాళ్లే గాని నా చేత పట్టించినవాళ్లు లేరు. ఆ పాఠంలో నేను మొదటివాడిగా వచ్చాను.

క్రిస్మసు సెలవులకు లండను బయలుదేరాను. తోడు ధారవాడ నుంచి వచ్చిన ఒక విద్యార్థి. మా వైపు కన్నడం ఇంటి భాషతో సమానం కాబట్టి మేమిద్దరం దారి పొడవునా కన్నడంలోనే మాట్లాడుకున్నాం. ఆయనకు రాజభవనం చూడాలి, పార్లమెంటు చూడాలి. నాకు చీర చూడాలి. "లండనులో చీర వెతుకుతావా? పెళ్లెవరికి?" అని రైలు ఆగిన ప్రతి స్టేషనులో అడిగాడు.

లండను వస్తోందని ఎవరో అన్నారు. కిటికీలోంచి చూశాను. ఇళ్లు, పొగగొట్టాలు, మళ్లీ ఇళ్లు. అరగంట పోయింది. వచ్చేసిందా అంటే ఇంకా వస్తూనే ఉందన్నారు. ఆదోనిలో కోట కొండ ఎక్కితే ఊరి నాలుగు చివరలూ కనిపిస్తాయి. ఎవరి మిద్దె మీద ఎవరి మిరపకాయలు ఎండుతున్నాయో కూడా చెప్పొచ్చు. ఈ ఊరికి చివర ఉన్నట్టు లేదు. ఇన్ని లక్షలమందికి పొద్దున్నే పాలు ఎక్కడినుంచి వస్తాయా అని నాకు భయం లాంటిది పట్టుకుంది. నిజంగా గొప్పదాన్ని చూసినప్పుడు నాకు మొదట పుట్టేది భక్తి కాదు, ఇలాంటి చిల్లర ప్రశ్న.

భూమి కింద రైలు ఉంది. దాన్ని చేరడానికి మెట్లున్నాయి. ఆ మెట్లు వాటంతట అవే నడుస్తాయి. మా కోట మెట్లు ఎక్కిన ప్రతివాడూ సగంలో ఆగి, ఇవే మనల్ని ఎక్కించుకుపోతే ఎంత బాగుండు అనుకుంటాడు. ఆ మొర లండనులో ఎవరికో వినపడింది. నేను నిలబడే ఉన్నాను, భూమి లోపలికి దిగిపోతున్నాను, ఎదురుగా మరో వరస మెట్ల మీద వందమంది నిలబడే పైకి లేస్తున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఇంత వింత జరుగుతుంటే పేపరు చదువుకుంటున్నారు! నేను కిందికి పోయి, పైకి వచ్చి, మళ్లీ కిందికి పోయాను. నాలుగోసారికి ధారవాడ మిత్రుడు నా కోటు పట్టుకున్నాడు. "సాకప్పా, సాకు," అన్నాడు, చాలించమని. "చక్రం అరిగిపోతుంది."

మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వెలిగాయి. మంచులో నది మీది వంతెన మధ్యకు పోయి నిలబడ్డాం. రెండు ఒడ్డులూ కనపడలేదు, వరసగా దీపాలు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. నేను వాటిని లెక్కపెట్టబోయి వదిలేశాను. తరువాత ఆయన, "మా ఊళ్లో చెబితే నమ్మరు," అన్నాడు. "మా ఊళ్లో నేను చెబితే ఏదీ నమ్మరు," అన్నాను. ఆ మాట తరువాత నాకే తగలబోతోందని అప్పటికి తెలియదు.

మరునాడు పొద్దున ఆయన రాజభవనం దారి పట్టాడు, నేను మ్యూజియం దారి. మ్యూజియం లోపల గోపురం చూడటానికి తల ఎత్తితే టోపీ కింద పడింది. తీసుకుని మళ్లీ ఎత్తాను. ఇలాంటి ఎత్తుల కిందికి వచ్చేవాళ్లు టోపీ చేతిలో పట్టుకుని ఎందుకొస్తారో అప్పుడర్థమైంది. గది తరువాత గది, దేశం తరువాత దేశం. లోకంలో అందరూ పోగొట్టుకున్నవన్నీ ఒక్కచోట చేరి, తుడిపించుకుని, పేర్లు రాయించుకుని కూర్చున్నాయి. రెండు గంటలు నడిస్తే మన దేశపు బట్టల గది వచ్చింది.

గాజుపెట్టెల్లో చీరలు. మిగతా దేశాలవాళ్లకు అవి వింత వస్తువులు. నాకేమో మా పెద్దమ్మలు, పిన్నమ్మలు వరసగా పెట్టెల్లో కూర్చున్నట్టుంది. ఒక పెట్టెలో అడుగున ఉన్న చీటీ మీద, స్త్రీల వస్త్రం, పత్తి, బళ్లారి జిల్లా, మద్రాసు రాజధాని అని ఉంది. అప్పట్లో మాది ఆ జిల్లాయే! లోపల గాజు పలకల మీద మూడు చీరలు. వాటిలో రెండు పచ్చవి, ఎర్ర అంచువి.

రెంటినీ అంచు కనపడేలా మడిచారు. కొంగు లోపలికి పోయింది. నల్లపోగు ఉందో లేదో కొంగు చూడందే తెలియదు. పక్కలనుంచి చూశాను. మునివేళ్ల మీద లేచి చూశాను. గాజు పలకే కదా, కింద నుంచి కనపడొచ్చని నేల మీద వెల్లకిలా పడుకుని, పెట్టె కిందికి తల పెట్టాను.

రెండు నల్లటి బూట్లు వచ్చి నా చెవి పక్కన ఆగాయి. అవి కాపలా ముసలాయనవి.

"ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

"బాగుంది."

"అయితే నేల మీద ఎందుకున్నారు?"

"చీర కొంగు చూద్దామని."

ఆయన వంగి, నేను చూస్తున్న వైపే కాసేపు చూశాడు. "మీరు చూస్తున్నది బల్ల అడుగు," అన్నాడు.

లేచి దుమ్ము దులుపుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇరవై ఏళ్ల కిందట దొర ఒకడు ఒకామె చీర తెచ్చాడని, ఆమె అప్పటినుంచి మొగుడు నేసిన చీర కట్టదని, చీర ఇక్కడుంటే కడుతుందని. ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఇరవై ఏళ్లా?" అన్నాడు. తనకు కూడా పెళ్లయినట్టుంది. ఇక్కడే ఉండమని చెప్పి లోపలికి పోయి, ఒక దొరసానిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ గది బట్టలన్నీ ఆమె అధీనంలో ఉంటాయట. సెలవుల్లో కూడా పని చేసే రకం. ఆమె చేతులకు తెల్ల తొడుగులు తొడుక్కుని, తాళం తీసి, మొదటి చీర కొంగు మడత విప్పింది. మామూలు కొంగు. నల్లపోగు లేదు. నేను రెండోదాని వైపు జరిగాను.

రెండోది విప్పబోయి ఆగింది. "దీని చివర బాగుండదు," అంది. చిన్న పెట్టెలోంచి ఒక కార్డు తీసి చదివింది. "చివర నేత లోపం ఉంది, పోగు తెగింది. మూలన మరక. అందుకే లోపలికి మడిచాం. నేసిన మనిషి పరువు కాపాడటానికి."

విప్పింది.

జానెడు లోపల నల్లపోగు. ఒక అంచు నుంచి బయలుదేరి, తిన్నగా పోయి, రెండో అంచు చేరకుండా ఆగి, వెనక్కి తిరిగింది.

"ముట్టుకోకుండా కొలవొచ్చా?" అని అడిగి, ఆ ఖాళీ మీద గాలిలో మూడు వేళ్లు పెట్టాను. నా మూడు వేళ్లకు కొంచెం ఎక్కువ వచ్చింది. తాత వేళ్లు నా వేళ్లకంటే లావు. గుంటలో కూర్చున్న మనిషి చేయి వెడల్పు ఇన్ని సముద్రాలు దాటి, ఇంత ఊళ్లో, ఈ గోపురం కింద, నూలు వాసి తేడా లేకుండా ఉంది. ఆ ఊరు, ఆ మెట్లు, ఆ వంతెన దీపాలు, అన్నీ చూసిన నాకు, అన్నిటికంటే పెద్దది అక్కడ, ఆ మూడు వేళ్ల ఖాళీలో కనపడింది. ఒక్క హాస్యం కూడా తోచలేదు. నాకు అలాంటి నిమిషాలు తక్కువ, అందుకే గుర్తుంది.

"ఇది తప్పు కాదు," అన్నాను. మూడు నెలలుగా తప్పులకు సుద్ద గీతలు పెట్టిన మనిషిని నేను. తాత చెప్పింది చెప్పినట్టు ఆమెకు చెప్పాను. చూసేవాళ్ల కన్ను అక్కడికే పోవాలి, దారి లేక తిరిగిపోవాలి.

"చూసేవాళ్లంటే ఎవరు?"

"మీరు. లోకమంతా."

ఆమె నవ్వలేదు. కార్డు మీద లోపం అన్న మాట కొట్టేసి చాలాసేపు రాసింది. తాత పేరు అడిగింది. చెప్పాను. మూడుసార్లు పలికి, మూడుసార్లూ వేరే ఎవరి పేరో రాసింది. చివరికి నేనే రాసిచ్చాను.

"మరి ఈ మరక?" అని మూలన చూపించింది. వేలి కొసంత, పాలిపోయిన మరక. పరీక్షలో అయితే దాని సంఖ్య టక్కున చెప్పేవాణ్ని. తాత నేసిన చీర మీద మరకేమిటని సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు నోరు ఎక్కువవుతుంది.

"భోజనం పడి ఉంటుంది," అన్నాను.

"కానీ దీన్ని ఎవరూ కట్టినట్టు లేదే."

"మా వైపు కొందరు అంత దూరం నుంచి భోంచేస్తారు."

ఆమె ఆ సంగతి కూడా కార్డు మీద రాసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టింది. తరువాత చీరను ఈసారి నల్లపోగు పైకి వచ్చేలా మడిచి, తాళం వేసింది. కాపలా ముసలాయన నాకంటే ముందు వంగి, గాజుకు ముక్కు ఆనించి, ఆ పోగు వెంట అటు చివర దాకా చూసి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

ఆ సాయంత్రమే నాయనకు జాబు రాశాను. మరక సంగతి రాయలేదు. రెండు నెలలకు జవాబు వచ్చింది. జాబును నాయన మొదట మండీలో అందరికీ చదివి వినిపించి, తరువాత ఎమ్మిగనూరు పోయి తాత ముందు చదివాడట. తాత నేత ఆపి, రెండోసారి చదివించుకున్నాడట. అవ్వ మాత్రం, "కాగితానికి కండ్లుండాయా? సూసినోన్ని వచ్చి నిలబడి సెప్పమను," అందట. ఇంకా ఏడాదిన్నర ఉంది నా చదువు. ఆ ఏడాదిన్నరా ఆమె అంగడి చీరలే కట్టింది.

తిరిగొచ్చిన నాలుగోనాడు ఎమ్మిగనూరు బస్సెక్కాను. వీధి మొదట్లోనే తాత ఎదురొచ్చాడు. ఈ రెండేళ్లలో ముసలితనం ఎక్కువైంది. చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. "ఎండన పడి వచ్చినాడు, మజ్జిగియ్యి," అన్నాడు. "ఇస్తా," అంది అవ్వ. ఇవ్వలేదు. చేతిలో కండె అలాగే పట్టుకుని, "ఇట్లా ఎలుతురుకు రా," అంది.

వాకిట్లో నిలబడ్డాను.

"సూసినావా?"

"సూసినా అవ్వా. కండ్లతో."

"యా రంగు?"

"మామిడాకు పచ్చ. కుంకం అంచు."

"అది నువ్వు పోకముందే ఈయప్ప సెప్పె."

"నల్లపోగు మూడు వేళ్ల కాడ తిరిగింది."

"అదీ ఈయప్పే సెప్పె."

"గాజుపెట్టెకు తాళమేసినారు. దొరసాని చేతులకు తొడుగులేసుకోని తీసె."

"నువ్వు కతైనా ఇట్లే సెప్తావు." నా వైపు తేరిపార చూసింది. "సిన్నప్పటినుంచీ నిన్ను సూస్తాండా. ఒక్క మాటన్నా తిన్నంగా సెప్పినావా యాపొద్దన్నా? మీ మామ పెండ్లిలో వంటాయప్ప సచ్చిపోయినాడని సెప్పి అందర్నీ లేపితివే, ఆపొద్దు నేనూ లేసినా ఇస్తరాకు ముందర నుంచి."

అది నిజం. తాత నా వంక చూశాడు. ఇరవై రెండేళ్లు ఎదురుచూసి, చివరికి ఊరంతటిలోకి నమ్మరాని మనిషిని లండను పంపించినట్టయింది ఆయనకు. తప్పంతా నాదే. చేసిన హాస్యాలన్నీ వచ్చి నా చుట్టూ నిలబడ్డాయి. ఒక్కదానికీ నవ్వు రాలేదు.

"ఈయప్పకు తెలీంది ఏమన్నా ఉంటే సెప్పు," అంది అవ్వ. "ల్యాకుంటే మజ్జిగ తాగి పో."

ఇంక మిగిలింది ఒక్కటే. చెప్పక తప్పలేదు.

"కొంగు మూలన ఒక మరక ఉండాది అవ్వా."

"నా సీరలో మరకా?" తాత మగ్గం గుంట గట్టు మీంచి లేచి నిలబడ్డాడు. "యాపొద్దూ ల్యా! మరక పడిన సీర నా మగ్గం దిగదు!"

అవ్వ చేతిలో కండె ఆగిపోయింది. "యా మూల?" అంది, చాలా మెల్లగా.

"అంచు పక్కన. నల్లపోగు తిరిగిన తట్టు."

"ఎంతుండాది?"

"వేలి కొసంత."

ఆమె తన కుడిచేతి వేలు చూసుకుంది.

"మరక కాదురా అది. పసుపు. మగ్గం దించిన దినం ఈయప్ప సంతకు పోయింటే, మడత తీసి, పసుపు పెట్టి, మల్లా మడిసి పెట్టినా. కట్టుకోని సూపిద్దామని. ఎవురికీ తెలీదు. ఈయప్పకూ తెలీదు." కండెతో మొగుడి వైపు చూపించింది. "పసుపు పెట్టినంక అది నాదయిపోయె. నాది తీసి ఇచ్చినాడు."

తాత నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

నాకేమో కోటు గుర్తొచ్చింది. మ్యూజియంలో ఆ మరక ముందు నిలబడినప్పుడు, అదే పసుపు నా మెడ వెనక, కాలరు లోపల ఉంది. నెలకోసారి సబ్బుతో ఎర్రబడి, ఆరినాక మళ్లీ పసుపుగానే తేలి. అయినా గుర్తుపట్టలేదు. తప్పులు పట్టడంలో మొదటివాణ్ని మరి.

"ఉతికినారా దాన్ని?" అంది అవ్వ.

"ల్యా. నీళ్లు తగలనియ్యరు."

"ఎవురన్నా కట్టినారా?"

"ఎవురూ కట్టలా."

"రాణి?"

"రాణి గూడ కట్టలా అవ్వా."

ఆమె తల ఆడించింది. "అయితే ఇంకా నాదే. నేనే ఆడ పెట్టినా అనుకుంటా." మళ్లీ నా వైపు తిరిగింది. "పసుపని సెప్పినావా ఆయమ్మకు?"

"భోజనం పడిందన్నా."

అంతకుముందు నన్ను చాలామంది తిట్టారు. ఆమె ఏమీ తిట్టలేదు, చూసింది. దానికంటే తిట్టే బాగుండేది. "రాయి," అంది. "పసుపు పెట్టుకున్న సీర, కడగొద్దని రాయి. ఈపొద్దే రాయి." ఆ రోజే రాశాను. ప్రశ్నగుర్తు కొట్టేశానని, పసుపును అలాగే ఉంచుతామని మ్యూజియం దొరసాని జవాబు రాసింది కూడా. అది తరువాతి మాట.

అప్పుడు మాత్రం అవ్వ కండెను చాపమీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మొగుడి వైపు చూడకుండా, మగ్గం వైపు చూస్తూ అడిగింది.

"యా రంగు ఏస్తావు నాకు?"

తాత మగ్గం దగ్గరికి జరిగాడు. "నువ్వే సెప్పు," అన్నాడు.

"అదే పచ్చ. అదే అంచు." లేచి, రంగురంగుల నూలు చిలపలు వేలాడుతున్న దూలం వైపు నడిచింది. "నల్లపోగును మాత్రం ఈసారి నాలుగు వేళ్ల కాడ తిప్పు. మూడు వేళ్లకు ఆ దొర తిరిగిపోలేదు."

తాత మగ్గం గుంటలోకి దిగి, కూర్చుని, కాసేపు ఊరికే నాడెను చేతిలో పట్టుకుని ఉన్నాడు. మజ్జిగ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. నేనూ అడగలేదు.